పప్పులో పులుపు ఎప్పుడు వెయ్యాలి?

ఒకే డబ్బాలోంచి తీసిన కందిపప్పు, అదే కుక్కర్, అదే స్టవ్. కుళాయి నీళ్లు పోసిన రోజు మెత్తగా ఉడుకుతుంది. బోరు నీళ్లు పోసిన రోజు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పోదు. పప్పు మంచిది కాదనో, గాస్కెట్ పోయిందనో అనుకుంటాం కానీ, తప్పు చాలావరకు నీళ్లదే. రాత్రిపూట వేడన్నంలో పప్పు, నెయ్యి, ఆవకాయ కలుపుకుని తినడం మన ఇళ్లలో ఎంత మామూలైపోయిందంటే, దాని వెనకున్న రసాయనశాస్త్రం గురించి ఎవరూ ఆలోచించరు. నా దృష్టిలో మాత్రం మన వంటల్లో పప్పుకు ఉన్నంత పక్కా వరస మరి దేనికీ లేదు. నీళ్లు, పులుపు, పోపు ఏది ముందు, ఏది వెనక అన్నది అలవాటుగా వచ్చిన ఆచారంలా కనిపిస్తుంది. ఆ వరస తప్పితే ఏమవుతుందో ఒకసారి చూస్తే, ప్రతి మెట్టుకూ గట్టి కారణం ఉందని తెలుస్తుంది.

కందిపప్పు బరువులో ఐదోవంతుకు కాస్త పైన ప్రోటీన్ ఉంటుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం పిండిపదార్థం. ఇవన్నీ కంటికి కనపడనంత చిన్న కణాల్లో ఉంటాయి. ఇటుకల మధ్య సున్నంలాగా పక్కపక్క కణాలను అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. జామ్ గట్టిపడేది కూడా దీనివల్లే. పప్పు ఉడకడమంటే ముఖ్యంగా ఈ పెక్టిన్ కరగడమే. వేడికి దాని పొడవాటి గొలుసులు తెగి నీళ్లలో కలుస్తాయి, కణాలు ఒకదాని నుంచి ఒకటి విడిపోతాయి. ఈలోగా లోపలున్న పిండి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. బద్దను వేళ్ల మధ్య నలిపితే మెత్తగా జారిపోయిందంటే కణాలు విడిపోయాయని అర్థం. పలుకు తగిలిందంటే ఇంకా అతుక్కునే ఉన్నాయి.

బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. బకెట్ అంచున తెల్లటి చారలు కట్టేది, సబ్బు నురగ రాకుండా చేసేది ఇవే. కాల్షియం అణువు రెండు పెక్టిన్ గొలుసుల మధ్య దూరి వాటిని ఇంకా గట్టిగా కలిపి పట్టుకుంటుంది. అలా బిగుసుకున్న గొలుసులు తెగాలంటే చాలాసేపు పడుతుంది. అందుకే సబ్బు నురగ రాని నీళ్లలో పప్పు కూడా సరిగా ఉడకదు. ఇలాంటి నీళ్లే దిక్కయిన ఊళ్లలో వాటిని ముందు బాగా మరగకాచి, చల్లారాక పైన తేరిన నీళ్లు వాడితే కొంత మేలు. కాల్షియంలో కొంత భాగం సుద్దగా మారి అడుగున చేరిపోతుంది. తాగడానికి తెచ్చుకునే ఫిల్టర్ నీళ్లలో రెండు గ్లాసులు పప్పుకు పోస్తే ఇంకా తేలిక.

ఇక పులుపు సంగతి. పెక్టిన్ గొలుసు తెగడానికి ఆమ్లం లేని నీళ్లు కావాలి. నీళ్లు కాస్త పుల్లబడితే చాలు, తెగడం బాగా నెమ్మదిస్తుంది. చింతపండు గుజ్జులో పదోవంతు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే టార్టారిక్ ఆమ్లం ఉంటుంది. దీన్ని ఎవరి వంటింట్లోనైనా కళ్లారా చూడొచ్చు. రెండు చిన్న గిన్నెల్లో చారెడు చారెడు కందిపప్పు వేసి, సమానంగా నీళ్లు పోసి, ఒక గిన్నెలో మాత్రం నిమ్మకాయంత చింతపండు రసం కలిపి, మూత పెట్టకుండా స్టవ్ మీద ఒకే మంటన పెట్టండి. ఉత్త నీళ్లలో పప్పు బద్దలు అంచులు చెదిరి ముద్దవుతున్నప్పటికి, చింతపండు గిన్నెలో బద్ద ఆకారం చెడకుండా అలాగే ఉంటుంది. గరిటెతో నొక్కితే రెండుగా విరుగుతుంది కానీ నలగదు.

మామిడికాయ పప్పు చేసేటప్పుడు ముక్కలను కుక్కర్లో వేరే గిన్నెలో పెట్టడం, గోంగూరను విడిగా మగ్గించి తర్వాత పప్పులో కలిపి ఎనపడం, పప్పుచారుకు చింతపండు పులుసు చివర్లో పొయ్యడం అన్నీ ఇందుకే. టమాటా పప్పును మాత్రం చాలామంది అన్నీ కలిపి ఒకేసారి కుక్కర్లో పెట్టేస్తారు. అది బాగానే ఉడుకుతుంది. టమాటా పులుపు చింతపండు ముందు తక్కువ, పైగా పప్పు నీళ్లలో పలచబడుతుంది. ఉప్పును కూడా పప్పు ఉడకనివ్వదని ముందు వెయ్యనివ్వరు. నిజానికి ఉప్పులో ఉన్న సోడియం కొంత కాల్షియాన్ని పక్కకు నెట్టి పెక్టిన్‌ను వదులు చేస్తుంది. నానబెట్టే నీళ్లలో చిటికెడు ఉప్పు వేస్తే పప్పుకు మంచే జరుగుతుంది. ఆ నింద పులుపుకు చెందవలసింది, ఉప్పు మీద పడింది.

పులుపుకు వ్యతిరేకం వంటసోడా. క్షారం పెక్టిన్‌ను తొందరగా తెంపుతుంది, అందుకే కొన్ని హోటళ్లలో చిటికెడు వేస్తారు. నేను దీన్ని గట్టిగా వద్దంటాను. పప్పులో ఉన్న బి1 విటమిన్ క్షారానికి తట్టుకోదు. రుచి కూడా సబ్బు వైపు జారుతుంది. సోడా ఎక్కువ పడిందో లేదో పసుపు రంగే చెబుతుంది. పసుపులో ఉన్న కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణం వల్లే.

ఎంత మంచి నీళ్లు పోసినా ఉడకని పప్పు కూడా ఉంటుంది, అది ముసలి పప్పు. వేడికి, చెమ్మకు నెలల తరబడి నిలవున్న గింజలో ఫైటేట్ అనే పదార్థం మెల్లగా విరిగి, అది పట్టి ఉంచిన కాల్షియం, మెగ్నీషియం బయటపడతాయి. అవి వెళ్లి పెక్టిన్‌ను బిగిస్తాయి. అంటే బోరు నీళ్లు చేసే పని గింజ లోపలే జరిగిపోతుంది. ఏడాదికి సరిపడా ఒకేసారి కొని పెట్టుకునేవాళ్లు డబ్బాను పొయ్యికి దూరంగా, చల్లగా, పొడిగా ఉన్నచోట పెట్టాలి. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. త్వరగా ఉడుకుతుందని, రుచిగా ఉంటుందని దానికి పేరు. అంత మంచి పప్పును కూడా రెండు వేసవులు వంటింటి అటక మీద ఉంచితే మొండికేస్తుంది.

కుక్కర్ లేని రోజుల్లో పప్పు కట్టెల పొయ్యి మీద గంటకు పైగా ఉడికేది. నీళ్లు ఎంత మరిగినా 100 డిగ్రీలు దాటవు. మూత బిగించి ఆవిరిని పట్టి ఉంచితే లోపలి ఒత్తిడి సుమారు రెట్టింపై, నీళ్లు 120 డిగ్రీల దగ్గర గానీ మరగవు. ప్రతి పది డిగ్రీలకు రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందని మోటు లెక్క. అంటే ఇరవై డిగ్రీలకు నాలుగింతలు. ఈ ఉపాయం ఫ్రాన్స్‌లో పుట్టిన డెనిస్ పాపిన్‌ది. 1679లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ముందు దాన్ని చూపించాడు. పాత్ర పేలిపోకుండా బరువు పెట్టిన వాల్వ్ కూడా అతనిదే, మన విజిల్‌కు అదే మూలం. 1682 ఏప్రిల్‌లో ఆ పాత్రలో వండిన రాత్రి భోజనానికి సొసైటీ సభ్యులు కొందరు కూర్చున్నారు. వాళ్లలో ఒకడైన జాన్ ఈవ్లిన్, గట్టి ఎముకలు కూడా జున్నంత మెత్తగా ఉడికాయని డైరీలో రాసుకున్నాడు.

విజిల్స్ లెక్కపెట్టడం అంత నమ్మదగ్గ కొలత కాదు. మంట పెద్దదైతే విజిల్స్ త్వరత్వరగా వస్తాయి, లోపలి వేడి మాత్రం పెరగదు. పెరిగేది గ్యాస్ ఖర్చు. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి నిమిషాలు చూసుకోవడం మేలు. స్టవ్ ఆపాక ఆవిరి దానంతట అది దిగేదాకా ఆగితే ఆ వేడికే మిగతా పలుకూ పోతుంది.

ఉడికిన పప్పును పప్పుగుత్తితో ఎనిపినప్పుడు విడిపోయిన కణాల్లో కొన్ని పగిలి లోపలి పిండి బయటికి వస్తుంది. పప్పుకు చిక్కదనం అక్కడి నుంచే. పగలకుండా మిగిలిన కణాలు నాలుక మీద నునుపుగా తోస్తాయి. మిక్సీలో వేస్తే దాదాపు అన్నీ పగిలి జిగురు వస్తుంది. కొయ్య పప్పుగుత్తిని మించిన సాధనం దీనికి ఇంకా రాలేదని నా అభిప్రాయం. అన్నం కూడా వేడిగా ఉండాల్సిందే. ఉడికిన బియ్యపు పిండి చల్లారేకొద్దీ దాని గొలుసులు మళ్లీ దగ్గరగా చేరి మెతుకు బిరుసెక్కుతుంది, పప్పు పట్టదు. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి, అదే మనం బీపీటీ 5204 అనేది, అతుక్కోకుండా, మరీ పొడిగా విడిపోకుండా మధ్యస్థంగా ఉంటుంది. చేత్తో కలిపి తినే పప్పన్నానికి బాగా కుదురుతుంది. బియ్యపు ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది దండిగా ఉంది. పప్పులో తక్కువైన మెథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం బియ్యంలో ఉంది. రెండూ కలిస్తే లోటు తీరుతుంది.

పోపును వేరుగా ఎందుకు పెట్టాలి? పప్పులో నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మినప్పప్పు ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలు దాటాలి. ప్రోటీన్లు, చక్కెరలు కలిసి గోధుమరంగుకు మారే ఈ చర్యను 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయ్యార్ పేరుతోనే పిలుస్తారు. ఆ వేడి నూనెలోనో నేతిలోనో దొరుకుతుంది, నీళ్లలో దొరకదు. పైగా జీలకర్ర, ఇంగువ, కరివేపాకుల్లోని వాసన పదార్థాలు నీళ్లలో సరిగా కరగవు, కొవ్వులో కరుగుతాయి. అందుకే పోపు గరిటెలో ఉన్న రెండు చెంచాల నెయ్యి గిన్నెడు పప్పుకూ వాసన అంటిస్తుంది.

పోపులోనూ వరస ఉంది. శనగపప్పు, మినప్పప్పు ముందు, ఎందుకంటే అవి వేగడానికి సమయం కావాలి. ఆవాలు పడగానే లోపలి తేమ ఆవిరై పైపొరను చీల్చుకుని వస్తుంది, అదే చిటపట. తర్వాత జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి. కరివేపాకు, ఇంగువ చివర, లేకపోతే మాడతాయి. ఆ వేడి నూనెను పప్పులో పొయ్యగానే ఛుయ్ మని లేచే ఆవిరిలో సగం వాసన గాల్లో కలిసిపోతుంది. వెంటనే మూత పెట్టడం అందుకే. ఎండుమిర్చి మాడిందంటే మాత్రం ఇల్లంతా దగ్గు. అమెరికా అపార్ట్‌మెంట్లలో పోపు పెట్టేటప్పుడు కిటికీ తెరవడం, స్మోక్ అలారం మీద ఓ కన్నేసి ఉంచడం అక్కడి తెలుగువాళ్లకు బాగా అలవాటైన పని.

ఆవాల సంగతి ఇంకా చిత్రం. పోపులో వేగిన ఆవగింజకు ఘాటు ఉండదు, కాస్త కమ్మగా ఉంటుంది. అదే ఆవపిండి ఆవకాయలో ముక్కును అదరగొడుతుంది. ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, దాన్ని విడగొట్టే ఎంజైమ్ మరోచోట ఉంటాయి. గింజ నలిగి తడి తగిలితే రెండూ కలిసి ఘాటు పుడుతుంది. పోపులో ఆ ఎంజైమ్ వేడికి ముందే చెడిపోతుంది, ఇక ఘాటు పుట్టే దారి లేదు. పోపు పెట్టిన పప్పు పక్కన ఆవకాయ పెట్టుకుంటే, ఒకే గింజ రెండు స్వభావాలూ ఒకే ముద్దలోకి వస్తాయి.

ఈ భోజనం మనసుకు హాయినిచ్చేది రసాయనాల వల్లనేనా అంటే, కాదు. వాసన నాడులు మెదడులో భావోద్వేగాలకు, జ్ఞాపకాలకు సంబంధించిన భాగాలకు చాలా దగ్గరి దారిలో చేరతాయి. 2011లో జోర్డన్ ట్రోయిసీ, షిరా గేబ్రియల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికావాళ్లకు ఇష్టమైన చికెన్ సూప్‌తో ప్రయోగాలు చేశారు. అది తమకు హాయినిచ్చే తిండి అనుకునేవాళ్లకు, సూప్ తాగాక దగ్గరి మనుషులకు సంబంధించిన ఆలోచనలు ఎక్కువగా వచ్చాయి. 2014లో మిన్నెసొటా విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో వైపు నుంచి చూశారు. మనసు పాడుచేసే వీడియోలు చూపించి, కొందరికి వాళ్లకు ఇష్టమైన ఓదార్పు తిండి, కొందరికి వేరే తిండి పెట్టారు, కొందరికి ఏమీ పెట్టలేదు. కాసేపటికి అందరి మనసూ దాదాపు ఒకేలా కుదుటపడింది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయని నేననుకోను. తిండి దుఃఖానికి మందు కాకపోవచ్చు. కానీ దాన్ని ఎవరు పెట్టారో, ఎవరి పక్కన కూర్చుని తిన్నామో ఆ వాసన గుర్తుచేస్తుంది. హాస్టల్లో ఉన్న పిల్లలకు ఇంటి పప్పు మీద బెంగ పుట్టేది ఆకలి వల్ల మాత్రమే కాదు.

ఆవకాయ ముద్ద మంట పుట్టించే తీరు 1997లో తేలింది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్‌ను నాడుల మీద గుర్తుపట్టే గ్రాహకాన్ని కనిపెట్టింది, దాని పేరు టీఆర్‌పీవీ1. 2021లో ఆయనకు ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. విశేషమేమిటంటే 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టేది కూడా అదే గ్రాహకం. కారం, వేడి రెండూ ఒకే తలుపు తడతాయి కాబట్టి పొగలు కక్కే అన్నంలో ఆవకాయ మరింత మండుతుంది. మంచినీళ్లు తాగితే తగ్గదు, క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు. పెరుగులోని కొవ్వు, కేసీన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని నాలుక మీంచి తీసుకుపోతాయి. భోజనం చివర పెరుగన్నం తినేసరికి నోరు చల్లబడేది ఇందుకే. కారం తట్టుకోలేని పిల్లలకు నీళ్ల గ్లాసు కాదు, ఓ చెంచా పెరుగు అందించాలి.

రాత్రి మిగిలిన పప్పును ఫ్రిజ్‌లో పెడితే పొద్దుటికి గట్టిగా బిగుసుకుపోతుంది. అన్నం బిరుసెక్కినట్టే ఇక్కడా పిండి గొలుసులు దగ్గరకు చేరతాయి. చన్నీళ్లు పోసి కలిపితే ఉండలు కడుతుంది. కాసిని వేణ్నీళ్లు పోసి సన్నటి మంట మీద బాగా మరగనిచ్చి, అప్పుడు ఎనపాలి. రాత్రి వేసిన పోపు వాసన అప్పటికి చాలావరకు పోయుంటుంది కాబట్టి, జీలకర్ర, ఇంగువతో చిన్న పోపు మళ్లీ వెయ్యండి.