నీటిలోని మురికిని కాల్చే అన్నభేది

వరి నారుమడిలోనో వేరుశనగ చేలోనో లేత ఆకులు పాలిపోయి తెల్లబడితే నెల్లూరు జిల్లా రైతు అన్నభేది పిచికారీ చేస్తాడు. వేరుశనగకైతే ఎకరాకు కిలో అన్నభేది, 200 గ్రాముల నిమ్మ ఉప్పు 200 లీటర్ల నీటిలో కలుపుతారు. లేత ఆకుపచ్చ పలుకులుగా దొరికే ఈ అన్నభేది ఫెర్రస్ సల్ఫేట్. దాని బరువులో ఐదో వంతు ఇనుమే. మరి నిమ్మ ఉప్పు దేనికి? అది లేకపోతే ద్రావణంలోని ఇనుము గాలి తగిలి తుప్పు రంగుకు తిరుగుతుంది, అడుగున మడ్డిగా దిగిపోతుంది, ఆకుకు అందదు. నిమ్మ ఉప్పు ఇనుమును పట్టుకుని నీటిలో కరిగి ఉండేలా చూస్తుంది.

ఇనుముకు నీటిలో రెండు రూపాలు. ఫెర్రస్ రూపం తేలిగ్గా కరుగుతుంది. అందులోంచి ఒక ఎలక్ట్రాన్ పోతే ఫెర్రిక్ అవుతుంది. పులుపు లేని నీటిలో అది కరగదు. కొన్ని బోర్ల నీళ్ళు బిందెలో పట్టినప్పుడు తేటగా ఉండి, తెల్లవారేసరికి అడుగున ఎర్రటి మడ్డి చేరడానికి కారణం ఈ మార్పే. భూమిలో గాలి తగలని చోట ఫెర్రస్‌గా కరిగి ఉన్న ఇనుము పైకి వచ్చి ఫెర్రిక్‌గా మారింది, అంతే. అన్నభేదికి హైడ్రోజన్ పెరాక్సైడ్ (నీటి అణువుకు ఇంకొక ఆక్సిజన్ పరమాణువు చేరిన ద్రవం) తోడైతే, ఈ ఒక్క ఎలక్ట్రాన్ రాకపోకలతోనే అద్దకపు రంగులు, ఫినాల్ అనే విష రసాయనం, కొన్ని పురుగుమందులు, మందుల ఫ్యాక్టరీ వ్యర్థాలు నీటిలోనే విరిగిపోయేలా చేయవచ్చు. నాకు రసాయన శాస్త్రంలో ఇంత చవకైన పదార్థం ఇంత పెద్ద పని చేసే సందర్భాలు ఎక్కువ కనిపించలేదు.

ఫెంటన్ చర్య అని పిలిచే దీని మొదలు 1876లో ఉంది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో హెన్రీ ఫెంటన్ టార్టారిక్ ఆమ్లానికి కాస్త ఫెర్రస్ లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, ఆపైన క్షారం వేస్తే చక్కని ఊదా రంగు వచ్చిందని ఒక రసాయన పత్రికకు రాశాడు. టార్టారిక్ ఆమ్లం మన చింతపండు పులుపులో ఉండేదే. 1894లో పూర్తి వ్యాసం ప్రచురించాడు. ఆయన చూపు ఆ ఆమ్లం ఏమవుతోందన్న దాని మీదే ఉంది, నీటి శుద్ధి మీద కాదు. ఆ గిన్నెలో అసలు పని చేస్తున్నది హైడ్రాక్సిల్ రాడికల్ అని హేబర్, వైస్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1934లో ప్రతిపాదించారు. వ్యర్థ జలాలకు ఈ చర్యను వాడి చూడటం 1960ల్లో మొదలైంది.

జరిగేది ఇది. ఫెర్రస్ ఇనుము తన ఎలక్ట్రాన్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు ఇస్తుంది. పెరాక్సైడ్ అణువు రెండుగా చీలుతుంది. ఒక ముక్క మామూలు హైడ్రాక్సైడ్ అయాన్. రెండోది జత దొరకని ఎలక్ట్రాన్‌తో మిగిలిన హైడ్రాక్సిల్ రాడికల్. ఆక్సీకరణ శక్తిని వోల్టుల్లో చెబితే క్లోరిన్‌ది 1.36, ఓజోన్‌ది 2.07, ఈ రాడికల్‌ది 2.8. దాని ఆయుష్షు నానో సెకన్లలో ఉంటుంది, అంటే సెకనులో వంద కోట్లవ వంతుల లెక్క. అంత కొద్ది సమయంలోనే పక్కన ఏ కర్బన అణువు ఉంటే దాని నుంచి హైడ్రోజన్‌ను లాగేస్తుంది, లేదా దానిలోని కర్బన పరమాణువుల వలయానికి అతుక్కుని దాన్ని విరగ్గొడుతుంది. ఎంపిక దానికి తెలియదు. ఆ ఎంపిక లేకపోవడమే దాని బలం, దాని బలహీనత కూడా.

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు ఈ చర్య పరిచయం చేయడానికి అద్దకపు నీళ్ళను మించిన ఉదాహరణ లేదు. వెంకటగిరి, చీరాల చీరలకు నూలు అద్దే చోట దారానికి పట్టని రంగు నీళ్ళలోనే మిగిలిపోతుంది. ఇప్పటి అద్దకపు రంగుల్లో చాలా భాగం అజో రంగులు: రెండు నత్రజని పరమాణువులు జంట బంధంతో రెండు వలయాలను కలుపుతాయి. కంటికి కనిపించే ఎరుపు, నారింజ ఆ అమరిక వల్లే. ప్రయోగశాలలో అలాంటి ఎర్రని నీటిని గాజు బీకరులో తీసుకుని, కాస్త సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పులుపు చేసి, చిటికెడు అన్నభేది కరిగించి, పెరాక్సైడ్ చుక్కలు వేస్తే చూస్తుండగానే ఎరుపు పలచబడుతుంది. నిమిషాల్లో లేత పసుపు మిగులుతుంది. ఆ పసుపు అద్దకపు రంగుది కాదు, ఫెర్రిక్ ఇనుముది. చివర్లో సున్నం కలిపితే గోధుమ రంగు తెట్టెలు కట్టి ఇనుము అడుగుకు దిగుతుంది, పైన తేట నీరు నిలుస్తుంది.

చూసినవాళ్ళు ఇక్కడే పొరబడతారు. రంగు పోయింది కాబట్టి నీరు బాగుపడిందనుకుంటారు. ముందుగా తెగేది ఆ నత్రజని బంధం. అది తెగగానే రంగు పోతుంది కానీ రెండు వైపుల వలయాల ముక్కలు నీటిలోనే ఉంటాయి. వాటిలో కొన్ని అసలు రంగు కంటే హానికరం కావచ్చు. ఆ ముక్కలు కూడా విరిగి బొగ్గుపులుసు వాయువు, నీరు అయ్యేదాకా పోవాలంటే పెరాక్సైడ్ చాలా కావాలి. ఫినాల్ లెక్క చూడండి: ఒక్క అణువు పూర్తిగా కాలడానికి 14 పెరాక్సైడ్ అణువులు కావాలి. గ్రాము ఫినాల్‌కు ఐదు గ్రాముల పెరాక్సైడ్. కాబట్టి ఆచరణలో అన్నీ కాల్చరు. సూక్ష్మజీవులు తినగలిగే చిన్న ముక్కలయ్యేదాకా ఈ చర్యను నడిపి, మిగతాది జీవ శుద్ధి తొట్టికి వదలడం తెలివైన పద్ధతి. అలా వదిలే ముందు మిగిలిపోయిన పెరాక్సైడ్‌ను తొలగించాలి. లేకపోతే అది ఆ సూక్ష్మజీవులనే చంపుతుంది. పైగా నీటిలోని కర్బన భారాన్ని కొలిచే సీఓడీ పరీక్షలో అంకెను ఉన్నదాని కంటే పెంచి చూపిస్తుంది.

ఇక అసలు చిక్కు ఇనుము వెనక్కి రావడంలో ఉంది. ఫెర్రస్ ఒక్కసారి ఎలక్ట్రాన్ ఇచ్చి ఫెర్రిక్ అయ్యాక, మళ్ళీ ఫెర్రస్ అయితేనే చర్య సాగుతుంది. పెరాక్సైడే దాన్ని వెనక్కి మార్చగలదు కానీ ఆ చర్య మొదటిదానికంటే వేల రెట్లు నెమ్మది. అందుకే అన్నభేది ఎక్కువ పోయవలసి వస్తుంది, అదంతా చివరికి మడ్డి అవుతుంది. పీహెచ్ (నీటి పులుపును చెప్పే కొలత, పులుపు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది) 3 దగ్గర ఉంచడం కూడా ఇందుకే: అంతకంటే పెరిగితే ఫెర్రిక్ కరగకుండా పేరుకుంటుంది, మరీ తగ్గితే చర్య మందగిస్తుంది. ముందు ఆమ్లం, తర్వాత సున్నం, ఆ తర్వాత మడ్డి ఎత్తివేత. ఖర్చంతా వీటికే. రంగులు కలిసిన ఆ మడ్డిని కాలువ గట్టున పోసేస్తే శుద్ధి చేసిన పుణ్యం దక్కదు.

ఈ వెనక్కి మార్చే పనికి ఎండను వాడుకోవడం నాకు అన్నిటికంటే నచ్చిన మార్గం. పుల్లని నీటిలో ఫెర్రిక్ ఒక హైడ్రాక్సైడ్‌తో కలిసి ఉంటుంది. దాని మీద అతినీలలోహిత కాంతి పడితే ఆ జంట విడిపోయి ఫెర్రస్ తిరిగి వస్తుంది, అదనంగా ఇంకొక హైడ్రాక్సిల్ రాడికల్ కూడా పుడుతుంది. చీకట్లో ఈ చర్య తరచు, విరిగిన ముక్కల్లో ఒకటైన ఆక్సాలిక్ ఆమ్లం దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే అది ఇనుమును గట్టిగా పట్టుకుంటుంది. ఎండ ఆ పట్టును కూడా విడదీస్తుంది. స్పెయిన్‌లోని అల్మేరియా సౌర పరిశోధన కేంద్రంలో ఇలాంటి పరిశోధనలు ఏళ్ళ తరబడి సాగుతున్నాయి. కాంతి అడుగుదాకా చేరేలా లోతు తక్కువ తొట్లు కట్టి, మన రొయ్యల చెరువుల్లో ఏరేటర్ తిరిగినట్టు తెడ్ల చక్రంతో నీటిని కదిలిస్తారు. నెల్లూరు, ఒంగోలు ఎండలకు కొదవ లేదు. పీహెచ్ అంత తగ్గించకుండా ఇనుమును కరిగి ఉంచడానికి నిమ్మ ఉప్పు, ఆక్సలేటు లాంటివి కలపడం కూడా పరిశోధకులు పరీక్షించారు. వేరుశనగ చేలో నిమ్మ ఉప్పు చేసే పనే ఇది. కాకపోతే నిమ్మ ఉప్పు కూడా కర్బన పదార్థమే, రాడికళ్ళలో కొన్నిటిని అదే తినేస్తుంది. మోతాదు చూసి వేయాలి.

కోస్తాలో ఇంకొక శత్రువు ఉప్పు. నూలుకు రంగు పట్టడానికి లీటరుకు పదుల గ్రాముల ఉప్పు వేస్తారు. దీనికి తోడు తీరం దగ్గర బోర్లలోనే ఉప్పదనం ఉంటుంది. పుల్లని నీటిలో ఆ ఉప్పులోని క్లోరైడు అయాన్లు హైడ్రాక్సిల్ రాడికల్‌ను అడ్డగించి పట్టుకుని తక్కువ శక్తిగల క్లోరిన్ రాడికళ్ళుగా మారుతాయి. అవి కర్బన ముక్కలకు అతుక్కుంటే క్లోరిన్ కలిసిన కొత్త కాలుష్యాలు పుట్టవచ్చు. మంచినీటితో కలిపిన రంగు మీద వచ్చిన ఫలితాన్ని చూసి అద్దకపు తొట్టి నీటికీ అదే వస్తుందని చెప్పే వాళ్ళను నమ్మకూడదు. పరీక్ష అసలు మురుగు మీదే చేయాలి.

కనిగిరి, పొదిలి వైపు ప్రజలకు ఫ్లోరైడు బాధ తెలుసు. ఇనుముతో నీటిలోని విషాలు పోతాయని ఎవరైనా చెబితే వాళ్ళు ఆశ పడటం సహజం. ఈ చర్య ఫ్లోరైడును ఏమీ చేయలేదు. విరగడానికి అక్కడ బంధం లేదు. అది ఒకే పరమాణువు అయాన్. పైగా ఫ్లోరైడు ఫెర్రిక్ ఇనుమును గట్టిగా పట్టుకుని చర్యకే అడ్డుపడుతుంది. అక్కడ కావలసింది పటిక, సున్నంతో చేసే నల్గొండ పద్ధతి, ఉత్తేజిత అల్యూమినా వడపోత, ఆర్ఓ, అన్నిటికంటే మేలుగా ఫ్లోరైడు లేని నది నీరు గొట్టాల్లో రావడం. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ అంకె దాటిన బోరుకు పెరాక్సైడ్, అన్నభేది అమ్మజూపే వాళ్ళు వస్తే వెనక్కి పంపేయండి.