సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి నాలుగేళ్ల లెక్క ఎక్కడిది?

ఇంటర్ ఫలితాలు రాగానే మన ఇళ్లలో మొదలయ్యే టెన్షన్ ఒకటే. బీటెక్కా, డిగ్రీనా? సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లాలంటే నాలుగేళ్ల చదువు ఉండాల్సిందేనా, మూడేళ్ల బీఎస్సీ కంప్యూటర్స్ చాలదా? దీనికి జవాబు ప్రోగ్రామింగ్‌లో వెతికితే దొరకదు. జావా నేర్చుకోవడానికి నాలుగేళ్లు అక్కర్లేదని హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అమీర్‌పేట ఎప్పుడో చూపించింది. నాలుగు అనే అంకె వేరే దారిలో వచ్చింది.

1990ల్లో కంప్యూటర్ చదివినవాళ్లే తక్కువ. అందుకే మ్యాథ్స్, ఫిజిక్స్ పీజీలు చేసినవాళ్లు, సివిల్, మెకానికల్ ఇంజినీర్లు ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లలో కొన్ని నెలలు కూర్చుని ఈ రంగంలోకి వచ్చేశారు. ఆ దశాబ్దం చివర వై2కే పని వచ్చిపడింది. 2000 సంవత్సరం వచ్చేలోగా, కోబాల్ అనే పాత భాషలో రాసిన ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల నుంచి నాలుగంకెలకు మార్చే పని అది. అమీర్‌పేటలోని మైత్రీవనం చుట్టుపక్కల వీధులు కోచింగ్ బోర్డులతో నిండిపోయాయి. 1998 నవంబరులో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. బీఎస్సీ వాళ్లకు ఐసెట్ రాసి ఎంసీఏలో చేరే దారి ఉండేది. మూడూ మూడూ ఆరేళ్లు. ఎక్కువ కాలమే అయినా ఊళ్లలోని డిగ్రీ కాలేజీల పిల్లలు ఎందరో ఆ దారినే కంపెనీల్లోకి చేరారు.

నాలుగేళ్ల పట్టు బిగిసింది అమెరికా వీసాతో. అక్కడి 1990 చట్టంతో వచ్చిన ఉద్యోగ వీసా హెచ్‌-1బీకి బ్యాచిలర్స్ డిగ్రీ గానీ దానికి సమానమైనది గానీ ఉండాలి. అక్కడ బ్యాచిలర్స్ అంటే నాలుగేళ్లు. స్కూలు పన్నెండేళ్లతో కలిపితే పదహారు. మన బీఎస్సీ పదిహేను దగ్గరే ఆగిపోతుంది. తగ్గిన ఒక్కో ఏడాదికి మూడేళ్ల ఉద్యోగానుభవం చూపిస్తే వీసా వరకు సర్దుబాటు ఉంది. గ్రీన్‌కార్డు దగ్గర ఆ సర్దుబాటు సరిగా పనిచేయదు. చదువునీ అనుభవాన్నీ కలిపి డిగ్రీగా చూపిస్తే పై చదువులున్నవాళ్లకిచ్చే ఈబీ-2 విభాగంలో ఒప్పుకోరు. ఎమ్మెస్‌కి అప్లై చేసేటప్పుడు కూడా చాలా యూనివర్సిటీలు పదహారేళ్ల చదువే అడిగాయి. ఎంతో పని తెలిసినవాళ్లు కూడా ఈ ఒక్క ఏడాది లోటు దగ్గర చిక్కుకుపోయారు. ఇంటింటికీ అమెరికా ఆశ ఉన్న మన రాష్ట్రంలో తల్లిదండ్రులు ఇదంతా గమనించారు.

సీట్లు కూడా అదే సమయంలో పెరిగాయి. 1977లో విజయవాడ సిద్ధార్థతో మొదలైన ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు 1990ల చివరి నుంచి వేగంగా విస్తరించాయి. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ రావడంతో పేదింటి పిల్లలకు కూడా బీటెక్ అందింది. దీన్ని తక్కువగా చూసేవాళ్లతో నేను ఏకీభవించను. మొదటి తరం చదువరులకు అది పెద్ద తలుపు. కొన్ని కాలేజీల్లో ల్యాబులూ లేక, లెక్చరర్లూ లేక, నాలుగేళ్లు చదివి మళ్లీ అమీర్‌పేట చేరాల్సి రావడమే బాధ.

పట్టభద్రులు లక్షల్లో వచ్చేసరికి కంపెనీలకు వడపోత కావాల్సి వచ్చింది. టెన్త్ నుంచి అరవై శాతం, బ్యాక్‌లాగ్ ఉండకూడదు, బీటెక్ అయి ఉండాలి. వేలమందిని ఒకేసారి తీసుకునే చోట పని వస్తుందో రాదో చూడటం కన్నా ఈ మూడు గడులు చూడటం సులువు. డిగ్రీ మీద పట్టుదలకు సగం కారణం ఇదేనని నా నమ్మకం.

వేరే దారి పట్టిన కంపెనీలు లేకపోలేదు. విప్రో 1995 నుంచే బీఎస్సీ వాళ్లను తీసుకుని, ఉద్యోగం చేయిస్తూనే బిట్స్ పిలానీతో కలిసి ఎమ్మెస్ చదివించింది. చెన్నైలో జోహో ఇంటర్, డిప్లొమా పిల్లలకు తనే నేర్పి ఉద్యోగం ఇస్తోంది, డిగ్రీ అడగదు. హెచ్‌సీఎల్ టెక్‌బీ అనే శిక్షణ, ఉద్యోగ కార్యక్రమం 2017లో ఇంటర్ పిల్లలతోనే మొదలైంది. అయినా వాళ్లకు పక్కనే ఒక డిగ్రీ కూడా ఏర్పాటు చేసింది. ఈ చివరి సంగతి నన్ను ఆలోచింపజేస్తుంది. పదిహేడేళ్ల పిల్లవాడు పని చేయగలడని నమ్మిన కంపెనీ కూడా అతన్ని డిగ్రీ లేకుండా వదలలేదు. తర్వాతి ఉద్యోగంలో ఆ కాగితం అడుగుతారని దానికి తెలుసు.

ఇప్పుడు లెక్క రెండు వైపులా మారుతోంది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. నాలుగేళ్ల డిగ్రీకి ఇంత విలువ తెచ్చిన దారే ఇరుకైంది. ఇటు 2020 జాతీయ విద్యావిధానంతో మామూలు డిగ్రీకి కూడా నాలుగో ఏడాది, ఆనర్స్ వచ్చాయి. బీఎస్సీ పిల్లలకు ఇన్నాళ్లూ తక్కువైన ఆ పదహారో ఏడాది ఇదే. బయటికి వెళ్లే ఆలోచన ఏ కొంచెం ఉన్నా, ఆ ఏడాది తమ కాలేజీలో నిజంగా నడుస్తోందో లేదో చేరేముందే కనుక్కోండి.