పెదనాన్న మోకాళ్లు, నా తొందర

మా పెదనాన్న బరువు 104 కిలోలు. పొద్దున్నే పార్కులో ఆయనతో కలిసి నడవడం మొదలుపెట్టాక రోజూ ఒకటే గొడవ. "కొంచెం గబగబా నడవండి పెదనాన్నా, చెమట పట్టకపోతే అది వాకింగ్ ఎలా అవుతుంది?" అని నేను, "నా మోకాళ్లు ఒక్కరోజు నీకు పెట్టి చూడాల్రా" అని ఆయన. తీరా కూర్చుని కాస్త చదివాక అర్థమైంది, తప్పు నాదేనని.

లావుగా ఉన్నవాళ్ల నడక ఎలా ఉంటుందో అందరికీ తెలుసు, వెక్కిరించడానికి దాన్ని అనుకరించని వీధి లేదు. అడుగు చిన్నది, కాళ్లు ఎడంగా పడతాయి, నడక నెమ్మది. ఎడంగా ఎందుకంటే ఒక కారణం తొడలు ఒరుసుకోవడం, రెండోది తూలిపోకుండా ఉండటం. మామూలుగా నడిచేటప్పుడు రెండు పాదాలూ ఒకేసారి నేల మీద ఉండే సమయం మొత్తంలో 20 శాతం దాకా ఉంటుంది, మిగతాదంతా ఒంటికాలి మీదే. ఒళ్లు బరువైతే ఈ రెండు కాళ్ల సమయం పెరుగుతుంది, అంటే అంత బరువునీ ఒక్క కాలి మీద మోయాల్సిన ఘడియని శరీరం వీలైనంత కుదించుకుంటుందన్నమాట.

అసలు తమాషా మోకాలి దగ్గర ఉంది. 2003లో అమెరికాలోని ఈస్ట్ కరోలినా యూనివర్సిటీలో పాల్ డెవిటా, టిబోర్ హోర్టోబాజీ అనే ఇద్దరు 21 మంది స్థూలకాయుల్నీ 18 మంది సన్నగా ఉన్నవాళ్లనీ నడిపించి కొలిచారు. అంత బరువు మోస్తున్నారు కాబట్టి మోకాలి దగ్గర కండరాల శ్రమ కూడా ఆ లెక్కనే పెరగాలి కదా, కానీ ఒకే వేగంతో నడిచినప్పుడు ఇద్దరికీ దాదాపు సమానంగా వచ్చింది. లావుగా ఉన్నవాళ్లు మోకాలిని తక్కువ వంచి, నిటారుగా నడిచారు. మోకాలు వంచి నిలబడితే తొడ కండరానికి ఏమవుతుందో చిన్నప్పుడు బడిలో గోడకుర్చీ వేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు! ఎవరూ నేర్పకుండానే ఒళ్లు ఆ గోడకుర్చీని తప్పించుకుంటోంది. ఆ మిగిలిన పని ఊరికే మాయమవదు, చీలమండ మీద పడుతుంది, వాళ్లకి అక్కడ శ్రమ బాగా ఎక్కువగానే కనిపించింది.

అలాగని మోకాలు బతికిపోయినట్టు కాదు. కండరం పని తగ్గినా పైనున్న బరువు ఎముకల మీదుగానే దిగాలి, అందులోనూ మోకాలి లోపలి వైపు, అంటే రెండో మోకాలి వైపున్న భాగం మీద ఎక్కువ పడుతుంది. డాక్టర్లు "గుజ్జు అరిగింది" అని ఎక్స్‌రేలో చూపించేది చాలాసార్లు ఆ వైపే.

ఈ కొలతలు అంత తేలిక కాదని కూడా చెప్పాలి. ఒంటి మీద మెరిసే చిన్న గుండ్లు అతికించి, చుట్టూ కెమెరాలతో వాటి కదలికని పట్టుకుంటారు. ఆ గుండు ఎముక మీద ఉండాలి, కానీ తుంటి ఎముక మీద నాలుగు వేళ్ల మందాన కొవ్వు ఉంటే అడుగు పడినప్పుడల్లా గుండు ఎముకతో కాకుండా కొవ్వుతో కలిసి ఊగుతుంది. అందుకే తుంటి కదలికల గురించి ఒక్కో పరిశోధన ఒక్కో మాట చెబితే నాకు పెద్దగా ఆశ్చర్యం వేయదు.

వేగం సంగతికొస్తే, కొలరాడో యూనివర్సిటీలో రే బ్రౌనింగ్, రాజర్ క్రామ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో ఒకే మనుషుల్ని రకరకాల వేగాలతో ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. లావుగా ఉన్నవాళ్ల అడుగు నేలని నొక్కే బలం దాదాపు 60 శాతం ఎక్కువ. వాళ్లే గంటకి 5.4 కిలోమీటర్ల నుంచి 3.6కి తగ్గితే మోకాలి మీద భారం బాగా దిగింది. అంటే రోజూ నేను మా పెదనాన్నని ఎటు తోస్తున్నానో చూడండి.

మరి నెమ్మదిగా నడిస్తే వ్యాయామం సరిపోతుందా అంటే, దానికి దారి ఉంది, కొంచెం ఎత్తు ఎక్కడం. 2011లో బ్రౌనింగ్ బృందమే గంటకి 2.7 కిలోమీటర్ల నత్తనడకతో 6 డిగ్రీల వాలు ఎక్కించి చూస్తే, చదును నేల మీద గబగబా నడిచినదానికన్నా మోకాలి భారం తక్కువగా ఉంది, గుండెకి మాత్రం తగినంత పని దొరికింది.

బరువు తగ్గితే ఏమవుతుందో కూడా లెక్క ఉంది. మోకాలి అరుగుదల ఉన్న 142 మంది పెద్దవాళ్ల మీద స్టీఫెన్ మెస్సియర్ బృందం 2005లో చూపించింది: ఒక కిలో తగ్గితే అడుగుకి మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. 5 కిలోలు తగ్గారనుకుందాం, అడుగుకి 20 కిలోలు. రోజుకి 5,000 అడుగులు వేస్తే ఒక్కో మోకాలికి 2,500, అంటే రోజు మొత్తం కలిపితే 50 టన్నులు! 20 కిలోలు తగ్గితే తప్ప లాభం లేదని మొదలే పెట్టనివాళ్లు ఈ 5 కిలోల లెక్క ఒకసారి చూడాలి.

ఇదంతా పెదనాన్నకి చెప్పి, మా వీధి చివరి ఫ్లైఓవర్ మెల్లగా ఎక్కుదాం రమ్మన్నాను. అంతా విని, "ఎక్కడం సరే, దిగేటప్పుడో?" అన్నారు. నిజమే, దిగేటప్పుడు మోకాలు ఇంకా ఎక్కువ వంగి బ్రేకులు వేయాలి, భారమంతా అప్పుడే. చివరికి పక్కింటివాళ్లు బట్టలు ఆరేసుకుంటున్న ట్రెడ్‌మిల్ అడిగి తెచ్చాం. దాని మీద ఎంతసేపు ఎక్కినా దిగే పని ఉండదు కదా.