హెచ్‌ఐవీ వ్యాప్తి వెనుక డబ్బు, వలస, భయం: అపోహలు - వాస్తవాలు

అపోహ: హెచ్‌ఐవీ పేదల జబ్బు. పేదరికం పోతే అదీ పోతుంది.

వాస్తవం: హెచ్‌ఐవీ బాగా ఎక్కువున్న దేశాల్లో దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా రెండూ ఉన్నాయి. ఆఫ్రికాలో అవి సంపన్న దేశాల కిందే లెక్క. 2003-04 నాటి ఇంటింటి సర్వేల్లో కెన్యా, టాంజానియాల్లో పేద ఇళ్లకంటే ఉన్నవాళ్ల ఇళ్లలోనే పాజిటివ్‌లు ఎక్కువ తేలారు. చేతిలో డబ్బుంటే ప్రయాణాలూ పరిచయాలూ పెరుగుతాయి. లేమి పనిచేసే తీరు వేరు. అది 'వద్దు' అని చెప్పే శక్తిని తీసేస్తుంది, పరీక్షనూ మందునూ వెనక్కి నెడుతుంది. డబ్బున్న మగవాళ్లు, ఆసరా లేని ఆడవాళ్లు ఒకే చోట ఉంటే వైరస్‌కు దారి సులువు.

లేమి నేరుగా ప్రాణం తీసిన సందర్భమూ ఉంది. 1990ల్లో చైనాలోని హెనాన్ రాష్ట్రంలో రైతులు ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) అమ్ముకునేవారు. ఒకే గ్రూపు రక్తాలను కలిపేసి, ప్లాస్మా తీసుకుని, మిగిలిన ఎర్ర కణాలను అమ్మినవాళ్లకే తిరిగి ఎక్కించేవారు. నీరసం రాకుండా త్వరగా మళ్లీ అమ్మగలగాలని ఆ ఏర్పాటు. ఒక్కరిలో వైరస్ ఉంటే చాలు, ఆ కలిపిన రక్తం ఎక్కినవాళ్లందరికీ ముప్పే.

అపోహ: వలస వెళ్లిన మగాడే జబ్బును ఇంటికి తెస్తాడు.

వాస్తవం: చాలాసార్లు నిజమే, ఎప్పుడూ కాదు. దక్షిణాఫ్రికాలో వలస కార్మికుల జంటలను పరిశీలించినప్పుడు, ఇద్దరిలో ఒక్కరికే వైరస్ ఉన్న జంటల్లో దాదాపు 10లో 3 చోట్ల అది ఇంటి దగ్గరున్న భార్యకే ఉంది. నెలల తరబడి విడిగా ఉంచే ఉపాధి ఇద్దరినీ ప్రమాదంలోకి నెడుతుంది. గనుల దగ్గర మగవాళ్లకే హాస్టళ్లు కట్టి, కుటుంబాన్ని ఊళ్లో వదిలేయమన్న పద్ధతి అలాంటిదే.

అందుకే పరీక్ష జంటకు చేయాలి. తిరిగొచ్చిన వారంలోనే చేసి నెగెటివ్ అని పంపేస్తే పొరపాటు. వేలి రక్తంతో చేసే ర్యాపిడ్ పరీక్షలో కొత్త ఇన్ఫెక్షన్ తేలడానికి 3 నెలల దాకా పట్టొచ్చు, కాబట్టి రెండో పరీక్ష తేదీ అప్పుడే రాసివ్వాలి. మందుల్లో ఉన్న మనిషి వలస వెళ్తుంటే 3 నెలల మాత్రలు, వెళ్లేచోటి కేంద్రానికి బదిలీ చీటీ చేతికివ్వాలి. ఈ బదిలీ దగ్గరే చాలామంది చికిత్స నుంచి జారిపోతారు.

అపోహ: అవగాహన పెంచితే చాలు.

వాస్తవం: కండోమ్ గురించి తెలిసిన భార్యకూ దాన్ని అడిగే ధైర్యం ఉండకపోవచ్చు. అడిగితే అనుమానం, గొడవ, ఇల్లు వదలాల్సి రావడం. బోట్స్‌వానాలో 1996 విద్యా సంస్కరణ పిల్లలను బడిలో ఎక్కువకాలం ఉంచింది. ఒక్క ఏడాది అదనపు హైస్కూలు చదువు హెచ్‌ఐవీ ముప్పును సుమారు 8 శాతం పాయింట్లు తగ్గించినట్టు తర్వాత తేలింది. ఆఫ్రికా దేశమైన మలావీలోని జోంబాలో బడి ఈడు అమ్మాయిలకూ వాళ్ల కుటుంబాలకూ నెలనెలా కొంత డబ్బిచ్చారు. 18 నెలలకు హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు డబ్బు అందినవాళ్లలో 1.2 శాతం, అందనివాళ్లలో 3 శాతం. దక్షిణాఫ్రికాలో ఇలాంటి ప్రయత్నమే ఫలించలేదు, ఎందుకంటే అక్కడి అమ్మాయిలు డబ్బిచ్చినా ఇవ్వకపోయినా బడికి వెళ్తూనే ఉన్నారు. ఏది కొరవడిందో చూడకుండా డబ్బు పంచితే ఇంతే.

అపోహ: పోలీసులు గట్టిగా ఉంటే వ్యాప్తి ఆగుతుంది.

వాస్తవం: సంచిలో కండోమ్ దొరికితే సాక్ష్యంగా పట్టుకునే చోట సెక్స్ వర్కర్లు దాన్ని దగ్గర పెట్టుకోరు. మత్తుమందు ఎక్కించుకునేవారి సూదికీ అదే సూత్రం: కొత్త సూది దగ్గరుంటే పట్టుబడతామన్న భయం ఉంటే పక్కవాడి సూది వాడతారు. థాయ్‌లాండ్ 1989లో రాచ్చబురిలో మొదలుపెట్టి 1991లో దేశమంతా అమలుచేసిన పద్ధతిలో కండోమ్ బాధ్యత వేశ్యాగృహాల యజమానుల మీద పడింది. ఒక ఇంట్లో కాదంటే పక్కింటికి పోయే వీలు విటుడికి లేకుండా పోయింది. అందులోని పోలీసు ఒత్తిడిపై విమర్శలున్నాయి, అవి సబబే. కోల్‌కతాలోని రెడ్‌లైట్ ప్రాంతం సోనాగచ్చిలో 1992 నుంచి సెక్స్ వర్కర్లే తోటివారికి కండోమ్ గురించి చెప్పే పద్ధతి సాగింది. మా ఓటు దానికే.

అపోహ: మందులు ఉచితం కదా, ఇంకేం అడ్డు?

వాస్తవం: దారి ఖర్చు, పోయిన రోజు కూలి, వరుసలో ఎవరైనా చూస్తారన్న బెంగ. మందు క్రమంగా వాడి వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) మిల్లీలీటరుకు 200 కాపీలలోపు నిలిస్తే లైంగికంగా ఇతరులకు సోకదు. అక్కడికి చేరడానికి 6 నెలల దాకా పట్టొచ్చు, సరిగ్గా ఆ నెలల్లోనే మానేసేవాళ్లు ఎక్కువ. చికిత్స కేంద్రం నడిపేవాళ్లకు మా మాట: మందులతో నిలకడగా ఉన్నవారికి ఒకేసారి 3 నుంచి 6 నెలల మందులివ్వండి. కేంద్రాన్ని సాయంత్రం వేళల్లో తెరవండి. విడి బోర్డు, వేరే రంగు ఫైలు పెట్టొద్దు. తేదీ తప్పినవారిని 'ఎందుకు రాలేదు' అని నిలదీసే ముందు, రావడానికి ఎంత ఖర్చవుతోందో అడగండి.