ఊరి బడి ఆటగాళ్లకు ఒక మందిరం

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

హైస్కూల్లో ఆడిన ఆటను పెద్దయ్యాక ఎవరు గుర్తుపెట్టుకుంటారని మీకు అనిపించవచ్చు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో అందుకోసమే ఒక మందిరం ఉంది. ఇండియానా బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1962లో తొలి సత్కారాలు జరిపింది. 1990 నుంచి దాని ప్రదర్శనశాల న్యూక్యాసిల్ అనే చిన్న పట్టణంలో, అక్కడి హైస్కూల్ వారి విశాలమైన క్రీడామందిరం పక్కన ఉంది. ఆటగాళ్లనే కాక, వారిని తీర్చిదిద్దిన కోచ్‌లను కూడా అక్కడ గౌరవిస్తారు. ఏటా ప్రకటించే రజతోత్సవ జట్టులో, సరిగ్గా 25 ఏళ్ల క్రితం బడి ఆఖరి సంవత్సరంలో రాణించినవారు ఉంటారు. ఆ పద్ధతి నాకెంతో నచ్చింది. చప్పట్లు ఎప్పుడో ఆగిపోయి, ఆడినవారు నడివయసుకు చేరి, తమ పిల్లలను బడికి పంపుతున్న వేళ ఆ పిలుపు వస్తుంది.

1997 దాకా ఇండియానాలో చిన్న బడికీ పెద్ద బడికీ రాష్ట్రస్థాయి పోటీ ఒక్కటే. కాబట్టే 1954 ఫైనల్లో, విద్యార్థులు నిండా రెండు వందలు కూడా లేని మైలన్ బడి, మన్సీ సెంట్రల్ అనే పెద్ద బడిని 32-30తో ఓడించగలిగింది. ఆట నాలుగో భాగంలో మైలన్ ఆటగాడు బాబీ ప్లంప్ నాలుగు నిమిషాలకు పైగా బంతిని కదలకుండా పట్టుకుని నిలబడి, చివరి క్షణాల్లో బుట్టలో వేశాడు. అతణ్ణి ఆ రాష్ట్రం నేటికీ మరచిపోలేదు.

అయితే ఆ ఏడాది ఫైనల్‌కు వెళ్లే దారిలో మైలన్ ఓడించిన జట్లలో ఇండియానాపొలిస్‌లోని క్రిస్పస్ అటక్స్ హైస్కూల్ ఒకటి. నల్లజాతి పిల్లల కోసమే 1927లో తెరిచిన బడి అది. 1940ల దాకా రాష్ట్ర పోటీల్లో దానికి ప్రవేశమే లేదు. మరుసటి ఏడాది, 1955లో, కోచ్ రే క్రో శిక్షణలో, ఆస్కార్ రాబర్ట్‌సన్ ఆడిన ఆ జట్టు గారీ రూజ్‌వెల్ట్ బడిపై 97-74తో గెలిచి, దేశంలోనే అన్ని జాతుల బడులూ కలిసి ఆడే రాష్ట్రస్థాయి టైటిల్ సాధించిన తొలి నల్లజాతి బడిగా నిలిచింది. గెలిచిన జట్టును ఫైరింజన్ మీద ఎక్కించి నగరం నడిబొడ్డున ఉన్న మాన్యుమెంట్ సర్కిల్‌లో సంబరం చేయడం అప్పట్లో అక్కడి ఆనవాయితీ. ఈ పిల్లలను మాత్రం ఆ సర్కిల్ చుట్టూ ఒక్కసారి తిప్పి, నల్లజాతివారు నివసించే పేటలోని ఒక పార్కుకు తీసుకువెళ్లారు. రాబర్ట్‌సన్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచి, ప్రపంచమంతా మెచ్చిన ఆటగాడై కూడా ఆ రాత్రి అవమానాన్ని మరచిపోలేదు.

పిల్లలూ, ఇలాంటి మందిరంలోకి వెళ్లినప్పుడు మీరు స్కోరు, సంవత్సరం చదివి ముందుకు సాగిపోకండి. గెలిచిన రాత్రి ఆ పిల్లలకు ఊరు ఏమిచ్చింది, ఏమివ్వలేదు అని కూడా అడగండి. ఫలకం మీద ఆ సంగతి రాసి లేకపోతే, తెలిసిన పెద్దలను అడిగి రాసి పెట్టండి. అప్పుడే ఆ గౌరవం నిండుగా ఉంటుందని నేను నమ్ముతున్నాను.

ఇండియానాపొలిస్ నగరం 2015లో, అంటే 60 ఏళ్ల తరవాత, తన ప్రసిద్ధమైన కార్ల పందేనికి ముందు జరిపే ఊరేగింపుకు సారథులుగా ఆ 1955 జట్టువారిని పిలిచింది. వారు నగరం నడివీధుల్లో ఊరేగారు. అప్పటికి వారందరూ డెబ్బై దాటినవారు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య