మున్సిపల్ బండ్లు, పార్కులు, భవనాలు: అపోహలు - వాస్తవాలు

పట్టణ సంస్థలకు బడ్జెట్ అంచనాలు వేయడం నా పని. ఉండేది విజయవాడలో. పొద్దున్నే రాఘవయ్య పార్కులో నడుస్తుంటే తెలిసినవాళ్లు ఆపి మరీ అడుగుతారు: "ఏమండీ, ఆ పాత చెత్త లారీలకు రిపేర్ల మీద రిపేర్లు ఎందుకు? కొత్తవి కొనేయొచ్చుగా?" వాళ్ల కోపంలో న్యాయం ఉంది. కానీ లెక్క వేరే.

అపోహ: పాత బండికి రిపేరు దండగ, కొత్తది కొంటే మిగులు.

వాస్తవం: వయసు ఒక్కటే చూసి తేల్చే విషయం కాదిది. ఒక్కో బండికీ ఒక పుస్తకం ఉండాలి. డీజిల్ ఎంత, టైర్లు ఎప్పుడు మార్చారు, షెడ్డులో ఎన్ని రోజులు ఆగిపోయింది, అన్నీ అందులో రాయాలి. చెత్త కాంపాక్టర్, అంటే చెత్తను నొక్కి నింపుకునే లారీ, రోజూ తిరిగే దూరం తక్కువే. కానీ వీధి వీధికీ ఆగుతూ, చెత్తను నొక్కుతూ ఇంజిన్ మాత్రం గంటల తరబడి నడుస్తూనే ఉంటుంది. కిలోమీటర్లు చూసుకుని సర్వీసింగుకు పంపితే అప్పటికే ఆలస్యమైపోతుంది. ఇంజిన్ నడిచిన గంటలు చూడాలి.

ఒక మున్సిపాలిటీలో కాంపాక్టర్ కిందికి వంగి చూశాను. తడి చెత్త నుంచి కారే నల్లటి రసం అడుగు రేకును తినేసింది. స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఇంజిన్ మాత్రం భేషుగ్గా ఉంది. రోజూ సాయంత్రం బండిని కడగడానికి మనిషినీ నీళ్లనూ బడ్జెట్‌లో పెట్టలేదు, అంతే. దాని స్థానంలో కొత్తది కొన్నా అదే గతి పట్టేది.

అలాగని ఎన్నాళ్లైనా నడపలేం. మున్సిపాలిటీలతో సహా ప్రభుత్వ వాహనాలకు 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ చెల్లదని కేంద్రం పెట్టిన నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంటే ఏ బండి ఏ ఏడాది దిగిపోతుందో కొన్న రోజే తెలుసు. ఏటా రెండు మూడు చొప్పున మార్చుకుంటూ పోవాలి. పది బండ్లు ఒకే ఏడాది కొంటే, పదీ ఒకేసారి పోతాయి.

అపోహ: షెడ్డులో ఊరికే నిలబడ్డ బండి వృథా.

రోజుకు పది బండ్లు కావాల్సిన చోట సరిగ్గా పదే ఉంటే, ఒకదానికి క్లచ్ పోయిన రోజు ఏదో ఒక పేటలో చెత్త కదలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా విజయవాడలోని సింగ్‌నగర్ మునిగింది. నీళ్లు తీశాక ఇళ్లలో, వీధుల్లో పేరుకున్న బురద కడగడానికి ఫైరింజన్లను దింపాల్సి వచ్చింది. అదనపు బండి విలువ ఏమిటో ఆ రోజుల్లో చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: పార్కు ప్రారంభోత్సవం అయిపోతే ఖర్చు అయిపోయినట్టే.

నాకు ఎక్కువ బాధ కలిగేది ఇక్కడే. కట్టడానికి ఏదో ఒక గ్రాంటు దొరుకుతుంది. తోటమాలి జీతం, బోరు మోటారు కరెంటు బిల్లు, వాచ్‌మన్ జీతం మాత్రం ఏటా మనం కట్టే పన్నుల్లోంచే రావాలి. మోటారు కాలిపోయి, బాగుచేయించడానికి పద్దులో డబ్బు లేక వారం ఆగితే, బెజవాడ మే నెల ఎండకు లాన్ గడ్డి మాడిపోతుంది. అందుకే లాన్ తగ్గించి వేప, కానుగ, పొగడ పెట్టమని పోరుతుంటాను. మొదటి రెండు మూడు వేసవులు నీళ్లు పోసి కాపాడితే ఆ తర్వాత ఖర్చు బాగా తగ్గుతుంది, జనానికి నీడా దొరుకుతుంది. కొత్త పార్కు ఎస్టిమేట్‌లో కట్టే ఖర్చు పక్కనే ఐదేళ్ల నిర్వహణ ఖర్చు కూడా రాయాలన్నది నా పట్టుదల.

అపోహ: కేంద్రం నిధులొచ్చాయిగా, వాటితో ఏదైనా చేయొచ్చు.

చేయకూడదు. ఉదాహరణకు 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం విజయవాడ లాంటి పది లక్షల జనాభా దాటిన నగరాలకు కేటాయించిన నిధులు గాలి నాణ్యత, తాగునీరు, పారిశుద్ధ్యం లాంటి పనులకే ముడిపెట్టినవి. కమ్యూనిటీ హాలు కప్పు కారుతోందని అలాంటి నిధులను ఇటు మళ్లించడం కుదరదు.

అపోహ: రంగులు వేస్తే భవనం బాగున్నట్టే.

ముందు మేడ ఎక్కి చూడండి. వాన నీళ్లు దిగే గొట్టం మూతి దగ్గర ఆకులు కుళ్లి మట్టి కట్టి ఉంటుంది. అందులో జానెడు రావి మొక్క కనబడుతుంది. పైకి జానెడే, వేరు మాత్రం గోడ సందులోకి దిగి ఉంటుంది. నీళ్లు పోయే దారి లేక కప్పు మీదే నిలుస్తాయి, స్లాబులోకి ఇంకుతాయి, లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కింద హాల్లో పెచ్చులు ఊడిపడతాయి. ఆ మొక్క పీకి గొట్టం శుభ్రం చేయడానికి ఇద్దరు మనుషులు, ఒక నిచ్చెన, ఒక పూట చాలు. అది మే నెలాఖరులోపు జరగాలి. డబ్బు కటకట వచ్చినప్పుడు ముందు కోత పడేది ఇలాంటి చిన్న మరమ్మతుల పద్దుకే, ఎందుకంటే దాని గురించి అడిగేవాళ్లు ఉండరు. కొత్త బడ్జెట్ ఏప్రిల్ 1 నుంచి మొదలవుతుంది కాబట్టి, ఈ పద్దుకు ఎంత పెట్టారో దానికి ముందే మీ కార్పొరేటర్‌ను అడగండి.