‘లివర్ బాగానే ఉందిగా డాక్టరుగారూ, ఎందుకు మార్చడం?’

యూరియా సైకిల్ లోపం ఉందని తేలిన బిడ్డను ఎత్తుకుని హైదరాబాద్ వచ్చే తల్లిదండ్రులు ముందుగా చూపించేది అల్ట్రాసౌండ్ రిపోర్టు. అందులో అంతా నార్మలే. మరి ఈ కోత దేనికి, కాస్త పెద్దవాడయ్యాక చూద్దామని ఇంట్లో పెద్దలు అంటారు.

స్కాన్‌లో కనిపించేది లివర్ ఆకారం. లోపించింది ఒక ఎంజైమ్, అది ఏ స్కాన్‌కూ చిక్కదు. అది లేకే ప్రొటీన్ అరిగినప్పుడు పుట్టే అమ్మోనియా యూరియాగా మారక రక్తంలో పేరుకుని మెదడుకు వాపు తెస్తుంది. మార్చేది లివర్‌ని, కాపాడుకునేది మెదడుని. కొత్త లివర్‌తో అమ్మోనియా అదుపులోకి వస్తుంది గానీ, అప్పటికే దెబ్బతిన్న మెదడు మళ్లీ మామూలైపోదు. అందుకే తీవ్రమైన రకాల్లో ఏడాది నిండేలోపే చేయించడం మేలంటాం. అంత చిన్న బిడ్డకు పెద్దవాళ్ల లివర్‌లో ఎడమవైపు ముక్క, దాదాపు 20–25 శాతం, సరిపోతుంది.

వాయిదా వేసిన ఆ నెలల్లో కొంప ముంచేది ‘లంఖణం పరమౌషధం’. జ్వరమో వాంతులో రాగానే పాలు ఆపి పస్తుంచుతారు. తిండి లేకపోతే ఒళ్లు సొంత కండనే కరిగించుకుంటుంది, ఆ కండా ప్రొటీనే! ప్రొటీన్ ఆపాలి, నిజమే, అదీ డాక్టరు చెప్పాక, 24–48 గంటలకు మించకుండా. గ్లూకోజ్ మాత్రం ఆగకూడదు. జిల్లా ఆసుపత్రిలోనే 10 శాతం డెక్స్‌ట్రోస్ డ్రిప్ మొదలుపెట్టి అంబులెన్స్ ఎక్కించాలి. ఫిట్స్ వస్తే వాల్‌ప్రోయేట్ అనే మందు వద్దు, అమ్మోనియాను ఇంకా పెంచుతుంది. అమ్మోనియా పరీక్షకు రక్తం శాంపిల్‌ను చెయ్యి గట్టిగా బిగించకుండా తీసి, ఐసులో పెట్టి, వెంటనే ల్యాబ్‌కు చేర్చాలి. బల్ల మీద అరగంట పడున్న ట్యూబు చెప్పే అంకెను నమ్మలేం.

మేనరికం వల్లేనని తల్లిని పొడిచే చుట్టాలకు ఒక్క మాట: మేనరికంలో అవకాశం ఎక్కువే, కానీ క్యారియర్లు, అంటే జబ్బు లేకుండా లోపమున్న జన్యువును మోసేవాళ్లు, బయటి సంబంధాల్లోనూ ఉంటారు. క్యారియరైన అమ్మానాన్నలు దాతలుగా పనికిరారన్నది చాలా జబ్బుల్లో తప్పు. యూరియా సైకిల్ లోపాల్లో ఒక రకమైన ఓటీసీ లోపంలో జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అక్కడ మాత్రం తల్లి విషయంలో ఆచితూచి అడుగేస్తాం.

మార్పిడితో అన్నీ పోతాయా? ప్రొటీన్‌లోని కొన్ని భాగాలు అరగని మరో పుట్టు జబ్బు ఎమ్మెస్‌యూడీలో పథ్యం దాదాపు పోతుంది. అలాంటిదే ఇంకో జబ్బు మిథైల్‌మలోనిక్ ఎసిడీమియాలో పోదు, కిడ్నీలో, మెదడులో లోపం అలాగే ఉంటుంది.

ఇంటికెళ్లాక విరేచనాలు పట్టుకుంటే, మందు ఒంటబట్టలేదని టాక్రోలిమస్ (కొత్త లివర్‌ను ఒళ్లు తిప్పికొట్టకుండా ఇచ్చే మందు) డోసు పెంచేసేవాళ్లున్నారు. జరిగేది తలకిందులు: విరేచనాలప్పుడు రక్తంలో దాని లెవెల్ పెరిగి కిడ్నీల మీద పడుతుంది. డోసు ముట్టుకోకుండా ముందు లెవెల్ చేయించండి.